ఆరు జానల బట్టీ

ఫిబ్రవరి 6

మామయ్యా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. నీ క్వార్టర్లో ఆ ఇనప మంచం మీద కూర్చుని చదువు. నిలబడితే సగంలో "దీనికి పిచ్చి ముదిరింది" అని కాగితం మడిచేస్తావు, మిగతా సగం నాకే మిగులుతుంది. నీ సంగతి నాకు తెలియదా.

మన పెరట్లో బట్టీ కడుతున్నాను. ఇటుకలు కాల్చే బట్టీ కాదు. ఇటుకలతో కట్టి, కట్టెలు మండించి, రొట్టెలు కాల్చే బట్టీ. అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుందంటే, బట్టలారేసే తీగ జోలికి వెళ్ళనంటే ఏ గంగలోనైనా దూకమంది. దాన్ని ఒప్పుదల కింద రాసుకున్నాను.

ఎందుకో చెబుతాను విను. పోయిన నెల మా ప్రెస్సుకి పదహారు పేజీల చిన్న పుస్తకం ఒకటి అచ్చుకి వచ్చింది. ప్రతి వీధికీ ఒక ఉమ్మడి పొయ్యి ఉండాలని, అందరూ కలిసి కట్టుకుని కలిసి వాడుకోవాలని అందులో రాశారు. మడతల బల్ల దగ్గర రెండు వేల కాపీలు నా చేత్తో మడిచాను. వందో కాపీకే కంఠతా వచ్చేసింది, వెయ్యో కాపీకి నిద్రపట్టడం మానేసింది. ఫోర్‌మన్ వచ్చి మడత వంకరపోతోందని అరిచాడు. వంకరపోయింది మడత కాదు, లోకం అన్నాను. ఆ రోజు నన్ను గోడౌన్‌లో కట్టలు మోయడానికి వేశాడు. వేస్తే వేశాడు.

ఇక అసలు సంగతి. మన పక్కింటి రొట్టెల తాత గుర్తున్నాడు కదా. వీధి మొదట్లో ఉన్న రొట్టెల కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్ళు బట్టీ ముందు నిలబడ్డాడు. దసరా బుల్లోడిలా నవ్వుతూ తిరిగే మనిషి. కంపెనీవాళ్ళు మీట నొక్కితే రొట్టె పడే యంత్రం తెచ్చుకుని, చేతికో శాలువా ఇచ్చి పంపించేశారు. అప్పటినుంచి ఆయన గది కిటికీ తెరుచుకోలేదు. వాళ్ళమ్మాయి మార్చి ముప్పయ్యో తారీఖున వచ్చి తన ఊరికి తీసుకుపోతానని రాసింది. సరేనన్నాడట. ఎందుకు బాబాయ్, ఇక్కడ అలవాటైన చోటు కదా అని అమ్మ అడిగితే, "పనికిరాని సామాను ఏ మూల ఉంటేనేం" అన్నాడట.

ఆ మాట విన్నప్పటినుంచి నా ఒళ్ళు మండుతోంది మామయ్యా. మార్చి ముప్పై లోపల ఆయన చేత మన బట్టీలో రొట్టెలు కాల్పిస్తాను. ఆ మాట ఆయన నోటితోనే వెనక్కి తీసుకునేలా చేస్తాను. పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ సాయం పడతామన్నారు. నువ్వు బట్టీల మేస్త్రివి. కొలతలు పంపు. వెంటనే పంపు.

గోడౌన్ దుమ్ముతో,
నీ చిటపట

*

ఫిబ్రవరి 14

చిటపటకి,

కూర్చునే చదివాను. అయినా లేచాను.

ముందు నాకో సంగతి చెప్పు. పెరట్లో బట్టీ అంటే ఒక్క మీ ఇంటికేననుకుని చిన్నది చాలనుకున్నాను. తీరా చివరికొస్తే పద్దెనిమిది ఇళ్ళంటావు. అసలు సంగతి మొదట్లోనే రాయడం ఏ పుస్తకంలోనూ నేర్పలేదా నీకు?

సరే, విను. నా చేతిలో కొలబద్ద ఉండదని తెలుసు కదా. జానతోనే నా పనంతా. చెయ్యి చాపితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఒక జాన. నడుమెత్తు రాతి దిమ్మె కట్టండి. దాని మీద ఖాళీ గాజు సీసాలు పడుకోబెట్టి సందుల్లో ఇసుక పొయ్యండి, వేడి కిందికి జారిపోకుండా. దానిపైన ఇటుకలు పరవండి, అడుగున సున్నం వద్దు, ఒట్టి ఇసుక మీదే. లోపలి వెడల్పు ఆరు జానలు. తడి ఇసుకను మూడు జానల ఎత్తున గుమ్మటంలా పోగుచేసి, తడి కాగితం కప్పి, దాని మీద బంకమట్టితో ఇటుకలు పేర్చుకుంటూ పోండి. ఆరాక ద్వారంలోంచి ఇసుక తోడెయ్యాలి. ద్వారం ఎత్తు రెండు జానలకు రెండు వేళ్ళు తక్కువ. బట్టీకి ముక్కైనా నోరైనా అదొక్కటే. కింద నుంచి గాలి పోవాలి, పైనుంచి పొగ రావాలి. ఈ ఒక్క కొలతతో ఆటలొద్దు.

ఇటుకలు నేను పంపిస్తాను. నిప్పుకి కాగిన పాత ఇటుకలు, మామూలువాటిలా పగలవు. లారీలో వస్తాయి. ఎక్కడివని అడగకు.

నా గదిలో ఉండే వెల్డరు గురకకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి. దూది పెట్టుకుంటే పొద్దున సైరన్ వినపడక ఆలస్యమైపోతోంది. ఏం బతుకో.

నెమ్మదిగా చెయ్యి. ఆ మాట నీకు తిట్టులా వినపడుతుందని తెలిసే రాస్తున్నాను.

మామయ్య

*

మార్చి 2

మామయ్యా మామయ్యా,

వచ్చాయి. గోనెసంచుల్లో నాలుగు వందల ఇటుకలు. ఒక్కటి కూడా పగల్లేదు. లారీ డ్రైవరు దింపి, మంచినీళ్ళు తాగి, ఎక్కడివంటే తల గోక్కుని వెళ్ళిపోయాడు. నీకెవరో కార్మిక సోదరులు ఇచ్చి ఉంటారని నేను వీధిలో అందరికీ చెప్పాను. చప్పట్లు కూడా కొట్టించాను.

ఇప్పుడు మన పెరడు చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయి. సీసాలు రెండు వందల పైచిలుకు పోగయ్యాయి. ఏ ఇంట్లో ఏ సీసాలు దాక్కున్నాయో తెలిసి ఆడవాళ్ళంతా మూడు రోజులు నవ్వుకున్నారు. ఎదురింటి దర్జీ బాబాయి మిషను ఆపి మట్టి తొక్కాడు. నర్సక్క రాత్రి డ్యూటీ దిగి, నిద్రపోకుండా వచ్చి ఇసుక మోసింది. అమ్మ గట్టు మీద కూర్చుని, తీగ వంక చూసుకుంటూ, ఇది బట్టీయా బోర్లించిన బుట్టా అని వచ్చేపోయేవాళ్ళని అడుగుతోంది. అడుగుతూనే అందరికీ టీలు పెడుతోంది.

తడి కాగితానికి ఏం వాడానో చెప్పుకో. ప్రెస్సులో పాడైపోయిన కరపత్రాలు. ఇసుక తోడేశాక లోపలికి తల పెట్టి చూస్తే, బంకమట్టి నిండా అక్షరాలు అచ్చుపడి ఉన్నాయి, అద్దంలో చూసినట్టు తిరగబడి. లోకంలో నినాదాలున్న గుమ్మటం ఇదొక్కటే అయి ఉంటుంది.

ఇంకో సంగతి, నువ్వు మెచ్చుకోవాలి. జాన అన్నావు. ఒక్క మనిషి చెయ్యే అందరికీ కొలత ఎందుకు కావాలి? అది పాత పద్ధతి. మేము సభ పెట్టి తీర్మానం చేసుకున్నాం, కొలిచే హక్కు అందరిదీ అని. వెడల్పు నర్సక్క కొలిచింది, గుమ్మటం ఎత్తు దర్జీ బాబాయి కొలిచాడు, ద్వారం నేను కొలిచాను. ఎంత ముచ్చటగా ఉందో.

తాత మాత్రం కిటికీ తియ్యలేదు. గోడకి అవతలే ఉన్నాడు. ఇటుక ఇటుకకీ తగిలే చప్పుడు వినపడుతూనే ఉండాలి. వినపడనట్టే ఉన్నాడు. పర్వాలేదు. ఆదివారం మొదటి మంట. వీధంతా పిలిచాను. పొగ పైకి లేవగానే పరిగెత్తుకొస్తాడు, చూడు.

బంకమట్టి గోళ్ళతో,
చిటపట

*

మార్చి 11

మామయ్య గారికి,

అవును, గారూ అనే రాస్తున్నాను.

ఆదివారం వీధి మొత్తం వచ్చింది. నేను బల్ల ఎక్కి నాలుగు మాటలు మాట్లాడి, గుమ్మటం నిండా కట్టెలు పేర్చి అంటించాను. మంట రెండు నిమిషాలు వెలిగి, గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయింది. ఆ తర్వాత పొగ. నల్లటి, లావుపాటి, కదలని పొగ. ఊదితే ఇంకా ఎక్కువ. అమ్మ తీగ మీద ఉన్న దుప్పట్లు, నర్సక్క ఉతికి ఆరేసుకున్న తెల్ల యూనిఫారాలు ఆరూ బొగ్గు గుడ్డలయ్యాయి. జనం దగ్గుకుంటూ ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. చివరికి బల్ల మీద నేనూ, కింద అమ్మా మిగిలాం. అమ్మ తిట్టకుండా, నల్లబడ్డ దుప్పట్లు ఒక్కొక్కటే తీగ మీంచి తీసింది. అదే బాధ.

పొగ విసరడానికి ఇటుకలొచ్చిన గోనెసంచి ఒకటి తీశాను. దాని మీద ముద్ర ఉంది. తాతను గెంటేసిన కంపెనీ ముద్ర. నేను నిలదీస్తే అమ్మ అప్పుడు చెప్పింది, మీరు మూడు నెలలుగా పనిచేస్తున్నది ఆ కంపెనీకేనని, నేను ఒంటికాలి మీద లేస్తానని ఇద్దరూ దాచారని.

ఇప్పుడు నాకు అన్నీ అర్థమవుతున్నాయి. వాళ్ళ బట్టీకి పోటీగా ఇంకో బట్టీ లేస్తే వాళ్ళకి కష్టం కదా. అందుకే మండని కొలతలు పంపారు. ఒక్క అంగుళం కూడా తేడా లేకుండా మీరు చెప్పినట్టే కట్టాం. నెమ్మదిగా చెయ్యమన్నారే, ముప్పయ్యో తారీఖు దాటిపోవాలనేనా?

కార్మిక సోదరులని చప్పట్లు కొట్టించాను. నా చేతులు నేనే కోసుకోవాలనిపిస్తోంది.

ఇంక ఉత్తరం రాయను.

*

మార్చి 14

మామయ్యా,

రాస్తున్నాను.

నిన్న పొద్దున్నే పెరట్లో ఎవరో దగ్గుతున్నారు. వెళ్ళి చూస్తే రొట్టెల తాత. గడ్డం పెరిగి, చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకుని, బట్టీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. నాలుగు రోజులుగా మసి వాసనకి నిద్రలేదట. ఏ మహానుభావుడు కట్టాడిది అన్నాడు. మేమందరం అన్నాను. అది తెలుస్తూనే ఉంది అన్నాడు.

ఒక చీపురుపుల్ల తీసుకుని గుమ్మటం లోపలి ఎత్తు కొలిచి తుంచాడు. ఇంకో పుల్లతో ద్వారం కొలిచి తుంచాడు. రెండూ పక్కపక్కన పెట్టి నాకు చూపించాడు. రెండో పుల్ల మొదటిదాంట్లో సగం కూడా లేదు. ఇంత పొట్టకి ఇంత నోరైతే ఊపిరి ఎలా అందుతుంది అన్నాడు. ఎవరు కొలిచారని అడిగాడు. తీర్మానం సంగతి చెప్పాను. దర్జీ బాబాయి జాన ఎంతో చూపించాను, నాది ఎంతో చూపించాను. నా చెయ్యి ఆయన చేతిలో చంటిపిల్ల చెయ్యిలా ఉంటుంది.

తాత అలాగే ఇసుక కుప్ప మీద కూలబడి నవ్వాడు. నవ్వి, దగ్గి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. "ఇవేమన్నా ఎన్నికలా అమ్మాయ్, ఇంటికో చెయ్యి లేపడానికి?" అన్నాడు. ఇంకొకరైతే నాకు ఎంత కోపం వచ్చేదో నీకు తెలుసు. కానీ ఆయన నవ్వు విని ఎన్ని నెలలైందో. గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను.

అంటే నీ కొలతల్లో తప్పు లేదు. తప్పు నా చేతిలో ఉంది. ఇది రాయడానికి నాలుగు కాగితాలు చింపాను.

కంపెనీ సంగతి వేరు. అది ఇంకా మింగుడుపడలేదు. అయితే తాత ఒక ఇటుకని వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఇది మంచి బట్టీలోంచి ఊడిన ఇటుక అన్నాడు. "దీన్ని విప్పినవాడికి పని తెలుసు. ఒక్క అంచు కూడా విరగలేదు చూడు," అన్నాడు. విప్పింది ఎవరో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మట్టి ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి రేపే ద్వారం పగలగొట్టి ఎత్తు పెంచాలంటున్నాడు. అంటున్నాడంటే, తనే గునపం తెచ్చుకున్నాడు. కిటికీ తెరిచి ఉంది మామయ్యా.

తలవంచుకుని,
చిటపట

*

మార్చి 15

నీ పదకొండో తారీఖు ఉత్తరం అందింది.

అవును, ఆ కంపెనీ పనే. ఈ ఊళ్ళో వాళ్ళకి ఇంకో ఫ్యాక్టరీ ఉంది, అందులో రెండు పాత బట్టీలు పడగొడుతున్నాను, యంత్రానికి చోటు కావాలని. నేను కాదంటే ఇంకొకడు వస్తాడు, గునపంతో పొడిచి ముక్కలు చేసి గుంటలో పోస్తాడు. నేను ఉలితో ఒక్కొక్క ఇటుకా విడదీశాను. రోజుకి యాభై చొప్పున. పని వేళల్లో కాదు, సైరన్ కొట్టాక. చెత్త తీసుకుపోతానంటే మేనేజరు పొమ్మన్నాడు. ఆ చెత్తే నీకు పంపాను. నా గురకల వెల్డరు సంచులు మోశాడు, పాపం, వాడికీ చప్పట్లు కొట్టించావు కాబట్టి వాడికి చెబుతాను.

కొలతల్లో మోసం చేశానన్నావు. ముప్పై ఏళ్ళుగా ఎన్నో తిట్లు తిన్నాను. ఈ మాట ఎవరూ అనలేదు.

నీ రెండో తారీఖు ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ద్వారం నువ్వు కొలిచావా? ఎత్తు దర్జీనా? నా తల్లీ. పగలగొట్టి, ఒకే చేత్తో అన్నీ కొలిచి మళ్ళీ కట్టు. ఎవరి చెయ్యైనా సరే, ఒక్కటే చెయ్యి. ఎనిమిది పాళ్ళ ఎత్తుకి ఐదు పాళ్ళ ద్వారం. కొత్త బట్టీలో మొదటిరోజే పెద్ద మంట వెయ్యకూడదు. వారం రోజులు చిన్న మంట, రోజు రోజుకీ కాస్త పెంచుకుంటూ. లేకపోతే లోపలి తడి ఆవిరై గుమ్మటాన్ని చీలుస్తుంది.

ముప్పయ్యో తారీఖుకి ఇంకా టైముంది. నామీద కోపంతో అది పోగొట్టుకోకు.

మామయ్య

*

ఏప్రిల్ 2

మామయ్యా,

నీ పదిహేనో తారీఖు ఉత్తరమూ, నా పద్నాలుగో తారీఖు ఉత్తరమూ దారిలో ఎదురెదురుగా వచ్చి, పలకరించుకోకుండా పోయాయి. నాది ముందే అందుంటే నువ్వా మాటలు రాసేవాడివి కాదు. అందకపోవడమే మంచిదైంది. నేను అవి చదవాల్సిందే. రోజుకి యాభై, సైరన్ కొట్టాక. ఆ వాక్యం దగ్గర ఆగి, ప్రెస్సులో మడతల బల్ల కింద కూర్చుని ఏడ్చాను. ఫోర్‌మన్ చూసి, ఏ పుస్తకం చదివావు ఈసారి అన్నాడు.

ఇక విను, జరిగిందంతా ఒక్క గుక్కలో చెబుతాను.

ద్వారం పగలగొట్టాం. తాత గుమ్మటానికి లోపల చెక్కలు ఆనించి, తన చేత్తోనే అన్నీ కొలిచి, కొత్త ద్వారం పైకెత్తాడు. నాలుగు రోజులు ఆరబెట్టి ఇరవయ్యో తారీఖున చిన్న మంట వేశాడు. దీపమంత. నేను పక్కన నిలబడి ఇంకో కట్టె, ఇంకొక్క కట్టె అంటున్నాను. వేసి చూడు, రేపటినుంచి గడప తొక్కనివ్వను అన్నాడు. రెండోరోజు గుప్పెడు పుల్లలు, మూడోరోజు రెండు కట్టెలు. అలా వారం రోజులు, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పొద్దున్నే ఆఫీసుకొచ్చినట్టు మన పెరట్లోకి వచ్చాడు. నెమ్మది అంటే పిరికితనం కాదని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ పుస్తకం రాసినాయనకి ఉత్తరం రాశాను, పదకొండో పేజీలో ద్వారం గురించి ఒక్క ముక్క కూడా లేదని, మళ్ళీ అచ్చు వేస్తే కలపమని.

మసిపట్టిన యూనిఫారాలు అమ్మా నేనూ మూడుసార్లు ఉతికాం. నర్సక్క ఇప్పుడు లేత బూడిదరంగు నర్సు.

ముప్పయ్యో తారీఖు పొద్దున మొదటి పెద్ద మంట. మామయ్యా, అది మండింది. ద్వారం పైనుంచి పొగ నాలుకలా బయటికొస్తోంది, కింద నుంచి గాలి జొరబడుతున్న చప్పుడు వినపడుతోంది. లోపల నల్లబడ్డ గుమ్మటం గంటన్నరకి తెల్లబడింది. మసి కాలిపోయి తెల్లగా అయితేనే వేడి సరిపోయినట్టట. నా నినాదాలు కూడా దాంతోపాటే పోయాయి, అడిగితే తాత, లోపలికి వెళ్ళాయిలే అన్నాడు. బూడిద ఊడ్చి, తడిగుడ్డతో నేల తుడిచి, కాగితం ముక్క ఒకటి లోపల పెట్టి లెక్కపెట్టాడు. ఇరవై దాకా లెక్కపెట్టేసరికి గోధుమరంగుకి తిరిగింది. అంతే. ఆయన మొహం చూడాలి నువ్వు.

పద్దెనిమిది ఇళ్ళనుంచీ పిండి వచ్చింది. ఎవరి ముద్ద ఏదో గుర్తుపట్టడానికి నేను చీటీలు రాసి, వరసలు గీసి, నియమాలు పన్నెండు అచ్చు కొట్టించి తెచ్చాను. తాత ఒకసారి చదివి, బాగున్నాయని, అన్ని ముద్దలూ కలిపేసి ఒకేసారి పిసకడం మొదలుపెట్టాడు. ఇవాళ ఎవరి రొట్టె ఎవరిదో ఎవరికీ తెలీదు అన్నాడు. నేను పోట్లాటకి నోరు తెరిచి, అసలు పుస్తకంలో ఉన్నది అదేనని గుర్తొచ్చి మూసుకున్నాను.

నలభై రొట్టెలు పొడుగు చెక్కతో లోపలికి నెట్టి, ద్వారానికి తలుపు పెట్టాడో లేదో, వాళ్ళమ్మాయి వచ్చింది. చేతిలో సంచి, మొహంలో ప్రయాణం బడలిక. తండ్రి మూలన మూలుగుతూ ఉంటాడనుకుని వచ్చిన మనిషి, ఆయన మోచేతుల దాకా పిండితో, నుదుటి మీద మసితో, వీధి మొత్తాన్ని అదిలిస్తుంటే గుమ్మంలోనే ఆగిపోయింది.  ఆపాలని, ఏదో ఒకటి అనాలని బల్ల వైపు చూశాను. అమ్మ నా జడ పట్టుకుని వెనక్కి లాగింది.

"సామాను సర్దుకున్నావా నాన్నా?" అంది.

"లోపల నలభై రొట్టెలున్నాయమ్మా. అవి తీశాక మాట్లాడదాం. ముందు చేతులు కడుక్కుని రా, పిసకడానికి మనుషులు తక్కువయ్యారు," అన్నాడు.

 ఆమె సంచి గట్టు మీద పెట్టి, అమ్మని నీళ్ళెక్కడ అని అడిగింది.

రొట్టెలు బయటికి తీసినప్పుడు అవి చిటచిటలాడుతూ చప్పుడు చేశాయి మామయ్యా, పైపెచ్చు చల్లగాలి తగిలి. వీధి మొత్తం మాట్లాడడం ఆపి విన్నది. ఇటుకలు ఎక్కడివో, ఎవరు విప్పి పంపారో అప్పుడు చెప్పాను అందరికీ. కంపెనీ పేరుతో సహా, ఉలితో సహా, సైరన్‌తో సహా.  తాత మొదటి రొట్టె గుడ్డలో చుట్టి, మేస్త్రికి పంపించు అన్నాడు. ఈ పాటికి రాయిలా అయి ఉంటుంది, పాలలో ముంచుకుని తిను. సగం వెల్డరుకి.

వాళ్ళమ్మాయి వచ్చి ఇవాళ్టికి నాలుగోరోజు. పొద్దున్నే సంచి భుజానికి తగిలించుకుని, బయలుదేరదామా నాన్నా అని అడుగుతుంది. తాత ద్వారం వైపు చెయ్యి చూపిస్తాడు. లోపల ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటోంది. ఇవాళ ఆమె సంచి తగిలించుకోకుండానే అడిగింది.

పిండి చేతులతో,
చిటపట